అడుగు నుంచి రీలు ఎక్కించే కెమెరా: జోర్కీతో నా అనుభవం

జోర్కీ అనే పాత రష్యా కెమెరా మొదటి మోడల్‌కి వెనక తలుపు ఉండదు. పెళ్లిళ్లలో మనం చూసిన ఎస్ఎల్ఆర్ కెమెరాలకి వెనక మూత తెరిస్తే లోపలంతా కనబడేది. రీలు ఒక పక్కన పెట్టి, కొస లాగి, ఇంకో పక్క స్పూల్‌లో దోపి, మూత వేస్తే పని అయిపోయేది. జోర్కీకి ఊడి వచ్చేది అడుగు మూత ఒక్కటే. అది తీస్తే రెండు గుంతలు, వాటిని కలుపుతూ ఒక సన్నని చీలిక కనబడతాయి. ఫిల్మ్ మొత్తం నిలువుగా ఆ చీలికలోకే దిగాలి. లోపల అది ఎక్కడ కూర్చుందో, ఎక్కడ తట్టుకుందో చూసే వీలు లేదు. అందుకే ఈ కెమెరాలో రీలు ఎక్కించడమే ఒక పని. నేర్చుకున్నాక ఈ పనంటే నాకు ఫోటో తీయడం కంటే తక్కువ ఇష్టమేమీ కాదు.

నా జోర్కీ హైదరాబాద్‌లో పాత కెమెరాలు దాచుకునే ఒకాయన దగ్గర కొన్నాను. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో 1948లో మొదలైన మోడల్ ఇది. జర్మనీ వాళ్ల లైకా-2ని చూసి అచ్చం అలాగే చేశారు. లెన్స్ ఇండస్టార్-22, 50 ఎంఎం, ఎఫ్ 3.5. వాడనప్పుడు లోపలికి నొక్కేయొచ్చు, వాడేటప్పుడు బయటికి లాగి తిప్పి బిగించాలి. పైన రెండు చిన్న కిటికీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిలో దూరం కలుపుకోవాలి, ఇంకోదానిలో ఫ్రేమ్ చూసుకోవాలి.

కొన్న వెంటనే రీలు వేయలేదు. షట్టర్ కాస్త బరువుగా కదులుతోందని ముందు ఒక మెకానిక్‌కి చూపించాను. ఆయన పైభాగం విప్పి, లోపలి నుంచి ట్వీజర్‌తో ఏవో నల్లటి తునకలు తీసి తెల్ల కాగితం మీద పెట్టాడు. దగ్గరికి తీసుకుని చూస్తే ఫిల్మ్ ముక్కలు. వాటి అంచుల్లో బెజ్జాల వంపు స్పష్టంగా కనబడుతోంది. నాకంటే ముందు ఎవరో రీలు కొస కత్తిరించకుండానే కుక్కినట్టున్నారు. చిరిగిన ముక్కలు లోపలే ఉండిపోయి, షట్టర్ నడిచే దారిలోకి చేరాయి. “కొస కోయకుండా ఎక్కిస్తే ఇదే జరుగుతది సార్” అన్నాడాయన. కత్తిరించమని చెప్పే సూచనలు అప్పటికే చదివాను గానీ, ఎందుకో అర్థమైంది మాత్రం ఆ కాగితం మీది ముక్కలు చూశాకే.

ఆ కారణం కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు కొనే 35 ఎంఎం రీలుకి బయటికి వచ్చిన కొస ఒక వైపు కత్తిరించే ఉంటుంది. కానీ ఆ సన్నటి భాగం పొట్టిగా ఉంటుంది. వెనక తలుపు తెరుచుకునే కెమెరాలకి అది చాలు. జోర్కీలో మాత్రం కెమెరాని తలకిందులుగా పట్టుకుని, రీలు డబ్బానీ, చుట్టుకునే స్పూల్‌నీ ఒకేసారి కిందికి దింపాలి. రెండింటి మధ్య చాచి ఉన్న ఫిల్మ్ పై అంచు ముందుగా చీలికలోకి వెళుతుంది. పూర్తి వెడల్పున్న ఫిల్మ్ ఆ మధ్యలో ఉంటే, దాని పై అంచు లోపల గేటు (ఫోటో పడే చట్రం) దగ్గరో, పళ్ల చక్రం దగ్గరో తట్టుకుంటుంది. బలవంతంగా నొక్కితే అంచు మడతపడుతుంది. ఫిల్మ్‌ని ముందుకు నడిపే నాబ్ తిప్పగానే బెజ్జాలు చిరుగుతాయి. అదే కొస పొడుగ్గా, సన్నగా ఉంటే చీలికలోకి దిగేటప్పుడు తగలడానికి పైన ఏమీ ఉండదు. పూర్తి వెడల్పు భాగం ఆ తర్వాత నాబ్ తిప్పినప్పుడు పక్క నుంచి సాఫీగా లోపలికి వస్తుంది. కత్తిరింపు వెనకున్న లెక్క అంతే.

ఈ పొడుగు కొస మొదట్లో అందరికీ అలవాటైనదే. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకాని 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో బయటపెట్టినప్పుడు, బజార్లో తయారు రీళ్లు లేవు. సినిమా ఫిల్మ్‌ని చీకట్లో కోసుకుని, డబ్బాల్లో చుట్టుకుని వాడేవాళ్లు. కొస కత్తిరించడం కూడా అందులో భాగమే. దానికోసం లైకా వాళ్లు అబ్లాన్ అనే లోహపు అచ్చు అమ్మారు. ఫిల్మ్‌ని అందులో బిగించి అంచు వెంట కోస్తే సరైన ఆకారం వచ్చేది. 1934లో కొడాక్ తయారు డబ్బాలు తెచ్చింది. తర్వాత వెనక మూత తెరుచుకునే కెమెరాలే ఎక్కువ కావడంతో పొట్టి కొస మామూలైంది. అలా మా కత్తెర పని మాకే మిగిలింది.

నాకు ఈ పని నేర్పింది మా మేనమామ. నల్లగొండలో గడియారం సెంటర్‌కి దగ్గర్లో ఆయనకి చాలాకాలం ఫోటో స్టూడియో ఉండేది. జోర్కీ ఆయన ఎప్పుడూ వాడలేదు. ఆయనది యాషికా, 120 రీలు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన ఇందు సరుకు గురించి ఇప్పటికీ ఇష్టంగా చెబుతాడు. కానీ ఫిల్మ్ అన్నది ఏదైనా ఎలా పట్టుకోవాలో ఆయన చేతులకి తెలుసు. కెమెరా తీసుకెళ్తే అడుగు మూత తీసి, లోపలికి టార్చ్ వేసి చాలాసేపు చూశాడు. తర్వాత అల్మారాలోంచి గడువు తీరిపోయిన కలర్ రీలు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

“మంచి రీలు మీద నేర్చుకోకు అల్లుడా. ముందు దీనితోని చెయ్యి తిప్పు. చేతికి అలవాటైనంక అసలు రీలు తియ్యి.”

ఈ మాట ఎవరికైనా చెబుతాను. గడువు తీరిన రీలు వెలుతురులోనే పూర్తిగా బయటికి లాగి చూడొచ్చు. ఎక్కడ తట్టుకుంటోందో, ఎలా చుట్టుకుంటోందో కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. మంచి రీలుతో అది కుదరదు.

కొలత సంగతికి వస్తాను. ఫిల్మ్ అంచున బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం 4.75 మిల్లీమీటర్లు. 21 బెజ్జాలు లెక్కపెడితే దాదాపు 10 సెంటీమీటర్లు. సన్నటి కొస అంత పొడుగు ఉండాలి. స్కేలు పెట్టి కొలవడం కంటే బెజ్జాలు లెక్కపెట్టడమే తేలిక, తప్పు పోదు. కంపెనీ వాళ్లు ఏ వైపు కోశారో అదే వైపు, అదే వెడల్పుతో ఆ కోతని పొడిగించాలి. రెండో వైపు బెజ్జాల వరుసని ముట్టుకోకూడదు.

కోత ముగిసే చోటే అసలు జాగ్రత్త. అక్కడ నిలువుగా, మూల వచ్చేలా కోయకూడదు. మెల్లగా వంపు తిరుగుతూ అంచుకి చేరాలి. ఆ వంపు రెండు బెజ్జాల మధ్యనున్న గట్టి భాగంలోంచి బయటికి రావాలి. బెజ్జం మీదుగా కోస్తే అక్కడ కొక్కెంలాంటి చిన్న మొన మిగులుతుంది. మామ దాన్ని వేలితో చూపించి, “బెజ్జం మీద కొయ్యకు. కోస్తే అది ఆడ్నే పట్టుకుంటది” అన్నాడు. పట్టుకుంటే ఏమవుతుందో మెకానిక్ కాగితం మీద చూసే ఉన్నాను.

కత్తెర చిన్నది, పదునైనది కావాలి. మొద్దు కత్తెర ఫిల్మ్‌ని కోయదు, నలుపుతుంది. అంచున సన్నటి పీచు లేస్తుంది. నేను ఇప్పుడు గోళ్ల కత్తెర కాకుండా, కుట్టుపనికి వాడే సన్నటి పొడుగు కత్తెర వాడుతున్నాను. వంపు ఒకే కోతలో వస్తుంది. కోశాక అంచు మీద వేలు మెల్లగా నడిపితే ఎక్కడైనా మొన ఉందేమో తెలిసిపోతుంది. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని కూర్చోవాలి. చెమట చేయి ఫిల్మ్ మీద పడితే మరక పోదు. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోవద్దనేది అందుకే.

అచ్చు కూడా చేసుకున్నాను. సరిగ్గా కుదిరిన కొసని మందపాటి అట్ట మీద పెట్టి గీసి, కోసి ఉంచాను. ఇప్పుడు బీడీలు చుట్టేవాళ్లు తునికాకు మీద రేకు పెట్టి కత్తిరించినట్టు, ఆ అట్టని ఫిల్మ్ మీద పెట్టి కోసేస్తాను. అయినా ముగింపు దగ్గర బెజ్జాల స్థానం ఒకసారి చూసుకుంటాను. అట్ట ఎంత బాగా కోసినా, ఒక్కో రీలుకి మొదటి బెజ్జం ఒక్కో చోట పడుతుంది.

ఇక ఎక్కించడం. కెమెరాని తలకిందులుగా పట్టుకుంటాను. షట్టర్ బటన్ పక్కనున్న చిన్న మీట ముందుకు తిప్పే వైపే ఉందో లేదో చూస్తాను. అది రివైండ్ వైపు ఉండిపోతే నాబ్ తిప్పినా పళ్ల చక్రం రీలుని లాగదు. అడుగు మూత తాళం తిప్పి మూత తీసి, చుట్టుకునే స్పూల్ బయటికి లాగుతాను. దానికో సన్నటి స్ప్రింగ్ పట్టు ఉంటుంది. ఫిల్మ్ కొస దాని కిందికి దోపాలి. దోపేటప్పుడు ఫిల్మ్ అంచు స్పూల్ చివరి పళ్లేనికి, అంటే బొడిపె ఉన్న వైపు పళ్లేనికి, ఆనుకుని ఉండాలి. అది వంకరగా ఉంటే లోపల చుట్టుకునేది కూడా వంకరే. చాలామంది కత్తిరింపు మీద పెట్టినంత శ్రద్ధ ఇక్కడ పెట్టరు. నా వరకు రెండూ సమానమే.

అప్పుడు డబ్బా ఒక చేత, స్పూల్ ఒక చేత. మధ్యలో ఫిల్మ్ బిగువుగా, వదులు లేకుండా ఉండాలి. కానీ స్ప్రింగ్ పట్టులోంచి ఊడిపోయేంత లాగకూడదు. రెండింటినీ ఒకే ఎత్తులో, ఒకే వేగంతో గుంతల్లోకి దింపాలి. ఒకటి ముందు, ఒకటి వెనక దిగితే ఫిల్మ్ చీలికలో అడ్డం తిరుగుతుంది. దిగాక వేలితో ఫిల్మ్ అంచుని మెల్లగా నొక్కి, కింది వరుస బెజ్జాలు పళ్ల చక్రంలో పడ్డాయో లేదో చూడాలి. పై వరుస మనకి కనబడదు. దాని పని సరిగ్గా జరుగుతుందనే భరోసా మన కత్తిరింపే ఇవ్వాలి.

మూత పెట్టేముందే నాబ్ తిప్పి, ఒకసారి షట్టర్ నొక్కి చూస్తాను. బెజ్జాలు పళ్ల మీద కదులుతున్నది కనబడుతుంది. తర్వాత మూత పెట్టి తాళం తిప్పుతాను. రివైండ్ నాబ్‌ని బాణం చూపే వైపు మెల్లగా తిప్పి, డబ్బాలో వదులు పోయి చేతికి బిగువు తగలగానే ఆపుతాను. అప్పుడు ఫిల్మ్‌ని ముందుకు నడిపే నాబ్ తిప్పితే ఈ రివైండ్ నాబ్ తనంత తాను వెనక్కి తిరగాలి. తిరిగితే రీలు నడుస్తోంది. తిరగకపోతే ఎన్ని ఫోటోలు తీసినా ఒకే చోట తీసినట్టే. ఖాళీ షాట్లు రెండు వదిలి, లెక్క చూపే చక్రాన్ని చేత్తో సున్నాకి తెస్తాను. ఫోటోలు తీస్తున్నంతసేపూ అప్పుడప్పుడు ఆ రివైండ్ నాబ్ వైపు ఒక చూపు వేస్తూనే ఉంటాను. ఆ చిన్న తిరుగుడు కనబడితే మనసుకి ఎంత నెమ్మదో చెప్పలేను.

కత్తెరే అక్కర్లేదనేవాళ్లు కొందరు ఉన్నారు. చీలికలోకి విజిటింగ్ కార్డు ముందు దోపి, ఫిల్మ్‌ని దాని పక్కనుంచి జార్చి, తర్వాత కార్డు లాగేయమంటారు. కార్డు గేటు అంచుల్ని కప్పుతుంది కాబట్టి ఫిల్మ్ తట్టుకోకుండా దిగుతుంది. ఈ పద్ధతి పాత రీలుతో చేసి చూశాను, పనిచేస్తుంది. అయినా అసలు రీలుకి వాడను. కార్డు లాగేటప్పుడు ఫిల్మ్ దాంతో పాటు పైకి జరిగిందేమో మూసిన కెమెరాలో తెలియదు. ఇంకో పద్ధతిలో లెన్స్ విప్పి, షట్టర్ తెరిచి పట్టుకుని, ముందు నుంచి వేలితో ఫిల్మ్‌ని సర్దుతారు. అది మాత్రం వద్దనే చెబుతాను. షట్టర్ తెరలు రబ్బరు పూసిన పాత గుడ్డవి. వాటి పక్కన వేలు పెట్టే పని ఎందుకు? ఒక నిమిషం కత్తెర పట్టుకుంటే ఇవేవీ అవసరం లేదు.

ఆ తెరల గురించే ఇంకో మాట. మన ఎండలో లెన్స్‌కి మూత లేకుండా జోర్కీని మెడలో వేసుకుని తిరగొద్దు. సూర్యుడు నేరుగా లెన్స్‌లో పడితే భూతద్దంలాగే పనిచేసి గుడ్డకి చిల్లు పెడుతుంది. ఎస్ఎల్ఆర్‌కి మధ్యలో అద్దం అడ్డం ఉంటుంది, దీనికి ఏదీ లేదు. రీలు మార్చడం కూడా నీడలోనే చేయాలి. డబ్బా మూతికి ఉన్న మెత్తటి గుడ్డ కొంత వెలుతురునే ఆపుతుంది, పట్టపగటి ఎండని ఆపలేదు.

మొదటి అసలు రీలుకి పానగల్లు వెళ్లాను. నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల కాలం నాటిది, మూడు గర్భగుడులున్న త్రికూటాలయం. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. బయట సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ చోటు మారదు. వెలుతురు గురించి ఇంత ఆలోచించి కట్టిన గుడి మన జిల్లాలోనే ఉండగా మొదటి రీలు ఇంకెక్కడ వాడతాను?

రేంజ్‌ఫైండర్‌కి, అంటే దూరం కలుపుకునే ఆ కిటికీకి, గుడి మండపం బాగా పనికొచ్చింది. కిటికీలో రెండుగా కనబడే బొమ్మ ఒకటిగా కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. అలా కలిపేందుకు నిలువు గీత ఉండాలి. రాతి స్తంభాల అంచులు అంతకంటే బాగా దొరకవు. రీలు 400 ఐఎస్ఓది, హెచ్‌పి5 ప్లస్. మండపం కింద ఎఫ్ 3.5 దగ్గర 30వ వంతు సెకనుతో నడిపించాను. షట్టర్ స్పీడు మాత్రం నాబ్ తిప్పాకే మార్చాలి, ముందు మార్చకూడదు. గర్భగుడి నీడకి అది సరిపోలేదు. కెమెరాని చిన్న స్టాండ్ మీద గడప బయటే పెట్టి, బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉండే ‘బల్బ్’ సెట్టింగ్ మీద, మనసులోనే సెకన్లు లెక్కపెట్టుకుంటూ తీశాను. గుడి చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి పక్కనే నిలబడి, “గిది ఫోనులనే రాదా బిడ్డా?” అని అడిగాడు. వస్తుంది తాతా, కానీ ఇది రీలు మీద తీయాలని నాకు కోరిక అన్నాను. ఆయన కెమెరా చేతిలోకి తీసుకుని, రివైండ్ నాబ్ తిరగడం చూసి, దాని గురించే చాలా ప్రశ్నలు వేశాడు.

అక్కడికి వెళ్లేముందు రాత్రే ఇంట్లో బల్ల మీద రీళ్లన్నీ కోసి, డబ్బాల్లో పెట్టుకుని వెళ్లాను. పొలం గట్టున కూర్చుని కత్తెర తీసి కొలతలు చూసుకోవడం కుదిరే పని కాదు. ఇందులో ఒక చిక్కు ఉంది. తీసిన రీలు కొస బయటే ఉండేలా రివైండ్ చేస్తే, కొత్తదీ వాడినదీ ఒకేలా కనబడతాయి, రెండింటికీ అదే పొడుగు కొస. మామ అలవాటే నేనూ తీసుకున్నాను. వాడిన రీలు కొసని వెంటనే మడత పెట్టేయడం. మడత ఉంటే మళ్లీ కెమెరాలోకి పోదు.

రివైండ్ చేసేటప్పుడు మీట వెనక్కి వేసి నాబ్ తిప్పుతూ ఉంటే, ఒకచోట కాస్త గట్టిగా లాగి, టక్కున వదులవుతుంది. కొస స్పూల్ పట్టులోంచి ఊడిందన్నమాట. అక్కడ ఆపితే కొస బయట ఉంటుంది. ఫిల్మ్ నేనే కడుక్కుంటాను కాబట్టి నాకు అదే కావాలి. ఫిల్మ్ కడిగే ట్యాంక్‌లోని గాడుల చుట్టలోకి ఎక్కించే ముందు ఆ పొడుగు కొసని అడ్డంగా, తిన్నగా కోసేయాలి. లేకపోతే చేంజింగ్ బ్యాగ్ (వెలుతురు చొరని సంచి) లోపల సన్నటి భాగం గాడిలో నిలవక జారిపోతుంది. ఆ కోత కూడా రెండు బెజ్జాల మధ్యే. డి-76 అనే డెవలపర్ మందు, అదనంగా నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర హెచ్‌పి5కి ఏడున్నర నిమిషాలు. మన దగ్గర ఎండాకాలం కుళాయి నీళ్లు 20 డిగ్రీలు ఎక్కడ ఉంటాయి? మంచుముక్కలు వేసిన టబ్బులో సీసాలు పెట్టుకుని కడిగాను. రీలు ఆరాక వెలుతురుకి పట్టి చూస్తే, ఫ్రేముకి ఎనిమిదేసి బెజ్జాలు చొప్పున మొదటి నుంచి చివరి దాకా దూరాలు సమానంగా ఉన్నాయి. ఒక్క బెజ్జం కూడా చిరగలేదు. స్తంభం నీడ పడిన నెగటివ్‌ని మామ లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూసి, ప్రింట్ గ్రేడు ఎంత వాడాలో కూడా అప్పుడే చెప్పేశాడు.

ఇలాంటి పాత కెమెరా మీ చేతికి వస్తే ముందు అది ఏ రకమో చూసుకోండి. జోర్కీ-4కి, 1955లో వచ్చిన ఫెడ్-2కి వెనక భాగం మొత్తం ఊడొస్తుంది, వాటికి కత్తిరింపు అక్కర్లేదు. 1954 నాటి లైకా ఎం3కి అడుగు మూత ఉన్నా వెనక చిన్న తలుపు కూడా తెరుచుకుంటుంది, దానికీ అవసరం లేదు. మొదటి ఫెడ్, మొదటి జోర్కీ, లైకా-2, లైకా-3 వరుసలోవి అయితే మాత్రం 21 బెజ్జాలు లెక్కపెట్టాల్సిందే. ఊళ్లో పాత స్టూడియో ఎవరిదైనా ఉంటే వెళ్లి, గడువు తీరిన రీలు ఒకటి అడిగి తెచ్చుకోండి. చెయ్యి తిరిగేదాకా దానితోనే చేయండి.